బరువు ఎక్కువైతే గర్భసంచి ఆపరేషన్ చేయరా?

నెలలో పది రోజులు బ్లీడింగ్. హిమోగ్లోబిన్ ఏడు. స్కానింగ్‌లో గర్భసంచి నిండా గడ్డలు. ఇన్ని రిపోర్టులు పట్టుకుని వెళ్తే, "ముందు ఇరవై కిలోలు తగ్గి రండమ్మా" అని వెనక్కి పంపేస్తారు. ఆ మాట విన్నాక చాలామంది ఆడవాళ్లు మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కరు. తప్పంతా తమ ఒంటిదేనని కుమిలిపోతూ, రక్తం కోల్పోతూ ఇంట్లోనే ఉండిపోతారు. ఈ విషయంలో పాతుకుపోయిన అపోహలు కొన్నింటిని సరిచేసుకోవాలి.

అపోహ: బీఎంఐ 40 దాటితే ఆపరేషన్ చేయకూడదు.

వాస్తవం: అందరికీ వర్తించే అలాంటి నిషేధం ఏదీ లేదు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. ఐదడుగుల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్న మనిషికి అది 41. కొవ్వు ఎక్కడ పేరుకుంది, గుండె ఎలా ఉంది, షుగర్ అదుపులో ఉందా అన్నవేవీ ఆ అంకె చెప్పదు. అమెరికా మత్తు వైద్యుల సంఘం వర్గీకరణలో బీఎంఐ 40, ఆపైన ఉన్నవాళ్లు మూడో తరగతిలోకి వస్తారు. షుగర్ అదుపులో లేనివాళ్లదీ అదే తరగతి. జాగ్రత్త ఎక్కువ కావాలని దానర్థం, ఆపరేషన్ వద్దని కాదు.

అపోహ: డాక్టర్లు ఊరికే భయపెడతారు.

వాస్తవం: వాళ్ల భయం ఉత్తది కాదు. బరువు ఎక్కువున్నవాళ్లలో కుట్లు చీము పట్టడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, మత్తులో శ్వాస ఇబ్బంది కావడం ఎక్కువే. అయితే ఈ ఒక్కోదానికీ ముందుజాగ్రత్త ఉంది. అనుభవమున్న మత్తు డాక్టర్ టేపుతో మెడ చుట్టుకొలత చూస్తారు. నోరు తెరిపించి నాలుక బయటపెట్టమంటారు. "నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా?" అని భర్తనూ అడుగుతారు. ఆపరేషన్ టేబుల్ మీద తల కింద, భుజాల కింద మడతపెట్టిన దుప్పట్లు పేర్చి, చెవి రంధ్రం రొమ్ము ఎముకతో సమంగా వచ్చేదాకా ఎత్తుతారు. ఈ చిన్న సర్దుబాటుతోనే గొంతులో ట్యూబు వేయడం సులువవుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లున్నాయి, కాళ్లను నొక్కుతూ వదిలే పట్టీలున్నాయి.

ఈ ఏర్పాట్లు, ఐసీయూ లేని చిన్న నర్సింగ్ హోమ్ డాక్టర్ "ఇక్కడ చేయలేం" అంటే అది నిజాయితీ. "ఇక్కడ చేయలేం" వేరు, "అసలు చేయకూడదు" వేరు. మొదటి మాటను రెండో మాటగా అర్థం చేసుకోవడం వల్లే చాలామందికి వైద్యం ఆగిపోతోంది. పెద్దాసుపత్రికి రిఫర్ చేయకుండా ఉత్తినే పంపేయడం మాత్రం సరికాదు.

అపోహ: లావుగా ఉన్నవాళ్లకు కీహోల్ ఆపరేషన్ కుదరదు, పొట్ట కోయాల్సిందే.

వాస్తవం: పెద్ద కోత వల్ల ఎక్కువ ఇబ్బంది పడేది వీళ్లే. అందుకే వీలైనంతవరకు యోని మార్గంలో గానీ, లాపరోస్కోపీతో గానీ చేయడమే మేలని అమెరికా ప్రసూతి, స్త్రీ వైద్యుల సంఘం 2015లో సూచించింది. అయితే లాపరోస్కోపీ కోసం తల కిందికి వంచి పడుకోబెట్టినప్పుడు ఊపిరి అందుతుందో లేదో చూసుకోవాలి, చేయి తిరిగిన సర్జన్ కావాలి.

అపోహ: ఎంతకాలం పట్టినా బరువు తగ్గాకే ఆపరేషన్.

వాస్తవం: ఆపరేషన్‌లో ప్రమాదం ఉన్నట్టే ఆలస్యంలోనూ ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అన్యాయం. ఒంట్లోని కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారు చేస్తుంది. దాన్ని అదుపు చేసే ప్రొజెస్టెరాన్ చాలకపోతే గర్భసంచి లోపలి పొర మందమై, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. అంటే "తగ్గి రండి" అని పంపేసిన మనిషికే ఆ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. బరువు తగ్గడం మంచిదే. కానీ నోరు కట్టుకుని పస్తులుంటే ప్రొటీన్ చాలక గాయం మానదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుంటుంటే మత్తు డాక్టర్‌కు తప్పక చెప్పాలి, వాటివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది.

ఆగక తప్పకపోతే ఆ వ్యవధిలోనూ వైద్యం జరగాలి. రక్తహీనతకు ఐరన్ ఎక్కించవచ్చు. బ్లీడింగ్ తగ్గించడానికి గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. కొందరికి దానితోనే ఆపరేషన్ అవసరం తప్పుతుంది. తెలుగు రాష్ట్రాలకు ఈ మాట మరీ ముఖ్యం. గర్భసంచి తీయించుకున్న మహిళల శాతంలో దేశంలో ముందున్నవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అవసరం లేనివాళ్లకు తేలిగ్గా జరిగిపోతున్న ఆపరేషన్, అవసరమైనవాళ్లకు బరువు పేరుతో ఆగిపోకూడదు.

అపోహ: ఒక డాక్టర్ కాదన్నాక ఇంకొకరి దగ్గరికి వెళ్లడం తప్పు.

వాస్తవం: రెండో అభిప్రాయం తీసుకోవడం, రికార్డుల నకళ్లు పొందడం రోగి హక్కులని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన పత్రంలోనే ఉంది. మొహమాటపడకుండా అడగండి: నా విషయంలో ప్రమాదం ఏది? ఎన్ని కిలోలు తగ్గితే అది ఎంత తగ్గుతుంది? అప్పటిదాకా ఏం మందు వాడాలి? ఈ ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ఏది?

నెలసరి ఆగిపోయాక ఒక్క రక్తపు మరక కనిపించినా మాత్రం బరువు సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌ను కలవండి. గర్భసంచి పొర నుంచి చిన్న ముక్క తీసే బయాప్సీ అవసరమేమో అడగండి. చాలామందికి దాన్ని మత్తు లేకుండా, ఓపీలోనే కొద్ది నిమిషాల్లో చేసేస్తారు. అందుకు ఒక్క కిలో కూడా తగ్గాల్సిన పనిలేదు.