వార్తల్లో పదం: క్రెడిట్ స్కోర్

కోలారు జిల్లా వేమగల్ పారిశ్రామికవాడలో ఉద్యోగం దొరికింది కదా అని బైకు లోనుకు వెళ్లిన యువకుడికి, ఎప్పుడో వదిలేసిన పోస్ట్‌పెయిడ్ సిమ్ తాలూకు నాలుగైదు వందల బాకీ అడ్డు పడవచ్చు. ఆ బాకీ అడ్డు పడే దారి క్రెడిట్ స్కోర్.

అప్పులు తీర్చే తీరును బట్టి 300 నుంచి 900 మధ్య ఇచ్చే అంకె ఇది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు 2005 నాటి చట్టం కింద ఈ లెక్క కడతాయి. బ్యాంకులతో పాటు టెలికాం కంపెనీలూ వాటికి సమాచారం ఇస్తుంటాయి. ప్రీపెయిడ్‌తో ఈ బాధ లేదు, డబ్బు ముందే కట్టేస్తాం. పోస్ట్‌పెయిడ్‌లో వాడకం ముందు, బిల్లు తర్వాత. అంటే అదీ అప్పే. సిమ్ విరిచి పారేసినా, ఊరు మారినా ఆఖరి బిల్లు పోదు. ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ సంస్థలు ఇచ్చే నివేదికలో నమోదవుతుంది. వేరే అప్పు చరిత్రే లేని కొత్త ఉద్యోగికి ఆ ఒక్క మచ్చే పెద్దది.

రాజీపడి కొంత కట్టి వదిలించుకుంటే ‘సెటిల్డ్’ అన్న ముద్ర మిగులుతుంది. పూర్తిగా కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకోవడమే మేలు.

రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.