బీమ్‌కి పగులొచ్చిందా? పుట్టీ పెట్టించే ముందు ఇవి చూడండి

రంగులు వేయించడానికి సామాను జరిపినప్పుడో, ఫ్యాన్ తుడుస్తున్నప్పుడో బీమ్ మీద ఒక గీత కనిపిస్తుంది. మేస్త్రీని పిలిస్తే 'ఏం కాదు సార్, పుట్టీ పెట్టి రంగేస్తే సరిపోద్ది' అంటారు. చాలాసార్లు అది నిజమే. కొన్నిసార్లు మాత్రం ఆ పుట్టీ వెనకే ప్రమాదం పెరుగుతూ ఉంటుంది. ఏది ఏదో తెలియాలంటే పగులు ఎక్కడుంది, ఎటు వెళ్తోంది అనేది చూడాలి.

బీమ్ ఎలా పనిచేస్తుంది?

స్లాబ్, గోడలు, సామాను, మనుషుల బరువును మోసి పిల్లర్లకు చేర్చేది బీమ్. బరువు పడినప్పుడు అది కంటికి తెలియనంతగా కిందికి వంగుతుంది. అప్పుడు దాని మధ్యభాగంలో పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది. కాంక్రీట్ నొక్కుడును బాగా తట్టుకుంటుంది. సాగదీస్తే మాత్రం దాని బలం అందులో సుమారు పదో వంతే. అందుకే కింది వైపు ఇనుప చువ్వలు వేస్తారు. పిల్లర్ల దగ్గర ఇది తిరగబడుతుంది. అక్కడ సాగేది పై అంచు కాబట్టి చువ్వలు పైన ఎక్కువ ఉంటాయి. చువ్వల చుట్టూ కట్టే రింగులు బీమ్ ఏటవాలుగా చీలిపోకుండా ఆపుతాయి.

కాబట్టి సన్నటి పగుళ్లు కొంతవరకు సహజమే. మన దేశంలో కాంక్రీట్ నిర్మాణాలకు ప్రమాణమైన ఐఎస్ 456:2000 సాధారణ పరిస్థితుల్లో 0.3 మిల్లీమీటర్ల వెడల్పు వరకు అనుమతిస్తుంది. నిత్యం తేమ తగిలే చోట పరిమితి 0.2 మిల్లీమీటర్లు. మీ ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డు అంచు దూరేంత పగులంటే పరిమితి రెండింతలు దాటినట్టే.

ఏ పగులు ఏం చెబుతుంది?

* బీమ్, ఇటుక గోడ కలిసే చోట అడ్డంగా గీత: రెండు వేర్వేరు పదార్థాలు ఎండకు, చలికి వేర్వేరుగా కదలడం వల్ల వస్తుంది. ఎక్కువగా ప్లాస్టరింగ్‌కే పరిమితం.
* బీమ్ మధ్యలో, కింది నుంచి నిలువుగా పైకి వెళ్లే పగులు: వంపు వల్ల వచ్చేది. సన్నగా ఉండి పెరగకపోతే కంగారు అక్కర్లేదు. వెడల్పయినా, బీమ్ కిందికి జారినట్టు కనిపించినా పరీక్ష చేయించాలి.
* పిల్లర్ దగ్గర ఏటవాలుగా వెళ్లే పగులు: దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. ఈ రకంగా విరిగే బీమ్ పెద్దగా హెచ్చరించకుండా ఒక్కసారిగా విరగవచ్చు.
* బీమ్ పొడవునా చువ్వ వెంట సాగే గీత, గోధుమ రంగు మరకలు, తట్టితే డొల్ల శబ్దం: లోపల ఇనుము తుప్పు పడుతోంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీట్‌ను లోపలి నుంచి బయటికి నెట్టేస్తుంది. పై ఫ్లాట్ బాత్రూమ్ లీకేజీ దీనికి ప్రధాన కారణాల్లో ఒకటి. విశాఖ, కాకినాడ లాంటి తీర నగరాల్లో ఉప్పుగాలి కూడా తోడవుతుంది.

బరువు మనమే పెంచుతున్నామా?

వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే నీళ్లే టన్ను బరువు. పదడుగుల ఎత్తున కట్టే 9 అంగుళాల ఇటుక గోడ ప్రతి మీటరు పొడవుకూ టన్నుకు పైగా తూగుతుంది. పాత టైల్స్ మీదే కొత్తవి పరచడం, బాల్కనీలో గోడ లేపడం, ఏసీ పైపు కోసం బీమ్‌కు రంధ్రం కొట్టడం లాంటి పనులకు ముందు ఇంజినీర్‌ను అడగండి.

ఎలా బలపరుస్తారు?

ముందు పరీక్షలు చేస్తారు. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో కాంక్రీట్ నాణ్యతను అంచనా వేస్తారు. చెక్కిన చోట ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షారగుణం ఉన్న కాంక్రీట్ గులాబీ రంగుకు మారుతుంది. రంగు రాలేదంటే ఇనుముకు తుప్పు నుంచి ఉండే రక్షణ అక్కడ పోయినట్టు.

తుప్పు ఉంటే మొదట లీకేజీ ఆపాలి. తర్వాత వదులైన కాంక్రీట్ చెక్కి, చువ్వలు శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మోర్టార్‌తోనో మైక్రో కాంక్రీట్‌తోనో పూడుస్తారు. బలం చాలకపోతే మూడు మార్గాలున్నాయి.

* జాకెటింగ్: బీమ్ చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీట్ పోస్తారు. బీమ్ సైజు, బరువు పెరుగుతాయి.
* ఉక్కు ప్లేట్లు: పని త్వరగా అవుతుంది. తుప్పు, మంటల నుంచి రక్షణ ఇవ్వాలి.
* కార్బన్ ఫైబర్: పలుచగా, తేలిగ్గా ఉంటుంది. అతికించే ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది. లోపలి కాంక్రీట్ బలహీనంగా ఉంటే ఊడి వచ్చేస్తుంది.

ఏ పద్ధతైనా ఒక విషయం గుర్తుంచుకోండి. కొత్తగా చేర్చిన బలం పాత బరువును దానంతట అది పంచుకోదు, ఆ తర్వాత పడే బరువులోనే వాటా తీసుకుంటుంది. అందుకే ముందుగా జాకీలు పెట్టి బీమ్ మీది భారం తగ్గిస్తారు. 'ఖాళీ చేయక్కర్లేదు, జాకీలు అవసరం లేదు' అని ఎవరైనా కొటేషన్ ఇస్తే, ఎందుకు అవసరం లేదో లెక్కతో సహా అడగండి.

అలాగని మీరే ఒక జాకీ తెచ్చి బీమ్ మధ్యలో బిగించొద్దు. గట్టిగా బిగిస్తే అక్కడ పై అంచు సాగుతుంది. ఆ చోట పైన సరిపడా చువ్వలు ఉండకపోవచ్చు. పైగా ఆ బరువంతా కింది ఫ్లాట్ స్లాబ్ మీద పడుతుంది.

ఎవరిని సంప్రదించాలి?

* పగులు చివర్ల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టి తేదీ రాయండి. పక్కన స్కేల్ ఉంచి ఫోన్‌లో ఫొటో తీయండి. రెండు వారాలకోసారి చూడండి.
* ఏటవాలు పగులు ఉన్నా, పెచ్చులు ఊడుతున్నా కింద ఎవరూ ఉండొద్దు. పైన ట్యాంకు ఖాళీ చేయించి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవండి. జేఎన్‌టీయూ హైదరాబాద్, ఎన్‌ఐటీ వరంగల్ లాంటి సంస్థల సివిల్ విభాగాలు కూడా పరీక్షలు చేస్తాయి.
* అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కు రాతపూర్వకంగా చెప్పండి. మీ ఇంట్లో కనిపించే బీమ్ పై అంతస్తు వాళ్ల బరువునూ మోస్తోంది.
* పక్క భవనం కూలేలా ఉంటే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి ఫిర్యాదు చేయండి.
* రెరా చట్టం వర్తించే ప్రాజెక్టులో ఫ్లాట్ స్వాధీనం చేసిన తేదీ నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని సెక్షన్ 14(3) చెబుతోంది. చేయకపోతే మీ రాష్ట్ర రెరాను ఆశ్రయించవచ్చు. తేదీలతో తీసిన ఫొటోలు అక్కడ పనికొస్తాయి. పుట్టీ పెట్టేశాక ఆ ఆధారం మిగలదు.