ఎండతో ఆవిరి

వేసవిలో రేడియోలో వాతావరణ విశేషాలు వినే శ్రోతలకు రెంటచింతల పేరు కొత్త కాదు. ఇంత ఎండ కాసే పల్నాటిలో ఆ వేడిని పట్టి విద్యుత్తు తీయరాదా అని మాచర్ల, గురజాల ప్రాంతాల మిత్రులు మమ్ములను అడుగుతుంటారు. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొనే అనంతపురం జిల్లా నాగలాపురం వెళ్ళాము. అచటి సౌరతాప విద్యుత్కేంద్రం 2014లో పని ప్రారంభించింది. దాని సామర్థ్యం 50 మెగావాట్లు.

అది ఎడారి కాదు గాని, వాన ముఖం అరుదుగా చూచే మెట్టసీమ. దూరాన్నుంచి చూస్తే కాలువలు బారులు తీరి పారుతున్నాయా అన్న భ్రాంతి కలుగుతుంది. సమీపిస్తే అవి దోనెల వలె వంపు తిరిగిన అద్దాలు. ఉదయం తూర్పుకు, సాయంకాలం పడమటికి, సూర్యునితోపాటు అవీ తిరుగుతాయి. వంపు నడుమ ఒక ఉక్కు గొట్టం, దానిపై గాజు తొడుగు, రెంటి మధ్య శూన్యం. అద్దాలమీద పడిన కిరణాలన్నీ ఆ గొట్టానికే చేరుతాయి. అందులో పారే నూనె దాదాపు 390 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగి, నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైనును త్రిప్పుతుంది. అక్కడినుండి అంతా బొగ్గు విద్యుత్కేంద్రపు సంగతే. మారినది పొయ్యి మాత్రమే.

ఇక మిత్రుల ప్రశ్న. ఈ అద్దాలకు కావలసినది గాలిలోని వేడిమి కాదు. రాత్రి పొద్దుపోయినా నాపరాళ్ళ అరుగుమీద కూర్చోనివ్వని పల్నాటి సెగ వాటికి ఎందుకూ కొరగాదు. సూర్యబింబంనుండి సూటిగా వచ్చే కిరణాలే కావాలి. మబ్బుగాని దుమ్ముగాని అడ్డు వస్తే కిరణాలు చెదరుతాయి. చెదరిన వెలుగును అద్దం ఒకచోటికి చేర్చలేదు. మసక కమ్మిన మే నెల మధ్యాహ్నంకంటె వాన వెలిసిన నిర్మలమైన పూట వీటికి మేలు.

నీటి చిక్కు మరొకటి. టర్బైను దాటిన ఆవిరిని చల్లార్చి మరల నీరు చేయాలి. అద్దాల దుమ్ము కడగాలి. గాలితో చల్లార్చే పద్ధతి ఉన్నది గాని, ఖర్చు పెరిగి దిగుబడి తగ్గుతుంది. 1913లో ఫ్రాంక్ షూమన్ కైరో సమీపాన మాడీలో ఇటువంటి దోనె అద్దాలే నిలిపి, ఆవిరియంత్రంతో నైలు నీటిని పొలాలకు తోడించాడు. అక్కడ ఎండకు నది తోడైనది. పల్నాటికీ కృష్ణ ఉన్నది గదా అనవచ్చు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం నీటికి మిరప, పత్తి చేలు ముందే కాచుకొని ఉన్నవి.

పైగా ఆవిరితో పనిలేక ఎండను నేరుగా విద్యుత్తు చేసే సౌరఫలకాలు ఇప్పుడు చవకైనవి; పలుచని మబ్బులోనూ అవి కొంత ఇస్తాయి. మిత్రులకు ఇదే చెప్పాము. అయితే రెంటచింతల సెగ దేనికండీ అని ఒకరు అడిగారు. కల్లంలో మిరపకాయలకు, అన్నాము.