Torch Light కాదు.. లెక్క ముఖ్యం! రూ.400 టార్చ్‌లో 'లక్ష ల్యూమెన్స్' నిజమేనా? రాత్రి పొలానికి వెళ్లే రైతులు కొనేముందు చూడాల్సినవి ఇవే

పల్నాడులో రాత్రిపూట పొలం పనులు ఆగవు. మిర్చి కల్లాల దగ్గర కాపలా, సాగర్ కుడి కాలువ నీళ్లు మళ్లించడం, బోరు మోటారు ఆన్ చేసి రావడం, మాచర్ల వైపు అడవి అంచు చేలల్లో పందులను తోలడం.. పని ఏదైనా చేతిలో బ్యాటరీ లైటు ఉండాల్సిందే. అందుకే నరసరావుపేట, గురజాల, మాచర్ల లాంటి ఊళ్లలో మొబైల్ షాపు నుంచి సంత దాకా ఎక్కడ చూసినా ఎల్ఈడీ టార్చ్‌లైట్లు కనిపిస్తాయి.

ధర మూడు, నాలుగు వందలే. డబ్బా మీద మాత్రం 'లక్ష ల్యూమెన్స్', '9,900 ఎంఏహెచ్ బ్యాటరీ', '2 కిలోమీటర్ల ఫోకస్' లాంటి రాతలు. వీటిలో నిజమెంత? చిన్న లెక్కలతో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

ఎందుకంత ముఖ్యం?

ఇది డబ్బుల సంగతి ఒక్కటే కాదు. దేశంలో 2000 నుంచి 2019 మధ్య పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగం మరణాలు జూన్-సెప్టెంబర్ మధ్య వానాకాలంలోనే జరిగాయి. రక్తపింజరి, కట్లపాము లాంటివి చీకటి పడ్డాకే ఎక్కువగా తిరుగుతాయి. గట్టు మీద సగం దూరం వెళ్లాక లైటు మసకబారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ల్యూమెన్స్ లెక్క: మీ ఇంట్లో బల్బే సాక్షి

లైటు నుంచి అన్ని వైపులా వచ్చే మొత్తం వెలుగును ల్యూమెన్స్‌లో కొలుస్తారు. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఇచ్చేది సుమారు 800-900 ల్యూమెన్స్. మరి టార్చ్‌లో నిజంగానే లక్ష ల్యూమెన్స్ ఉంటే, వందకు పైగా బల్బులు ఒకేసారి వేసినట్టు ఉండాలి!

ఇంకో వైపు నుంచి చూద్దాం. సాధారణ ఎల్ఈడీ ఒక వాట్‌కు 100 ల్యూమెన్స్ పైచిలుకు వెలుగు ఇస్తుంది. ఆ లెక్కన లక్ష ల్యూమెన్స్‌కు దాదాపు 1,000 వాట్ల కరెంటు కావాలి. అది ఇస్త్రీ పెట్టె లాగే కరెంటు. చేతిలో పట్టే టార్చ్‌లో అంత కరెంటు పారితే, పట్టుకోవడానికి కూడా వీలుండదు.

బ్యాటరీ లెక్క: 9,900 అని రాస్తే అనుమానించాల్సిందే

ఈ టార్చ్‌లలో ఎక్కువగా ఉండేది '18650' రకం లిథియం సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు కాబట్టి ఆ పేరు. ఈ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్స్ కూడా సాధారణంగా 2,500 నుంచి 3,500 ఎంఏహెచ్ మధ్యే ఉంటాయి. అదే సైజు సెల్ మీద 9,900 అని ఉంటే అది అచ్చు వేసిన అంకె మాత్రమే.

2,500 ఎంఏహెచ్ సెల్‌లో ఉండే శక్తి సుమారు 9 వాట్-అవర్లు. పైన చెప్పిన 1,000 వాట్ల లైటును ఇది వెలిగించగలిగేది అరనిమిషమే. అదే 500 ల్యూమెన్స్ ఇచ్చే, 5 వాట్ల నిజాయితీ గల లైటైతే గంటన్నర దాకా వెలుగుతుంది. రాత్రి పొలానికి వెళ్లి వచ్చేవాళ్లకు కావాల్సింది ఈ రెండోదే.

సెల్ బయటకు తీయడానికి వీలుంటే కిరాణా షాపు డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. అసలైన 18650 సెల్ దాదాపు 45-50 గ్రాములు తూగుతుంది. 30 గ్రాముల దగ్గరే ఆగిపోతే లోపల సరుకు తక్కువని అర్థం.

'2 కిలోమీటర్ల ఫోకస్' సంగతేంటి?

వెలుగు ఎంత దూరం పోతుందన్నది ల్యూమెన్స్ మీద కాదు, ఒకే వైపు ఎంత గట్టిగా పడుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. దాన్ని క్యాండెలాలో కొలుస్తారు. 2009లో వచ్చిన అమెరికా టార్చ్‌లైట్ల ప్రమాణం ప్రకారం, వెలుగు 0.25 లక్స్‌కు తగ్గే చోటు దాకా ఆ లైటు దూరంగా లెక్క. అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. సూత్రం కూడా తేలికే. క్యాండెలా అంకెకు వర్గమూలం తీసి, రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి.

* 2,500 క్యాండెలా అయితే 100 మీటర్లు
* 10,000 క్యాండెలా అయితే 200 మీటర్లు
* 2 కిలోమీటర్లు పోవాలంటే 10 లక్షల క్యాండెలా

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో హెడ్‌లైట్ల హై బీమ్‌కు గరిష్ట పరిమితే మొత్తం 4.3 లక్షల క్యాండెలా. రూ.400 టార్చ్ కారు హెడ్‌లైట్లను మించిపోతుందంటే నమ్మగలమా?

ఇంకో మాట. వెన్నెలంత వెలుగులో అక్కడేదో ఉందని తెలుస్తుంది కానీ, పందా కుక్కా అన్నది తేలదు. కాబట్టి డబ్బా మీద నిజమైన అంకె ఉన్నా, అందులో సగం దూరమే పనికొస్తుందని అనుకోవాలి.

మొదటి నిమిషం చూసి మోసపోవద్దు

షాపులో ఆన్ చేయగానే కళ్లు జిగేల్‌మంటాయి. అసలు కథ ఆ తర్వాతే. మంచి లైట్లు కూడా వేడెక్కితే కొంత వెలుగు తగ్గించుకుంటాయి, అది రక్షణ కోసం. చౌక లైట్లలో చాలావాటికి కరెంటును అదుపు చేసే సర్క్యూట్ సరిగా ఉండదు. బ్యాటరీ దిగేకొద్దీ వెలుగు కూడా దిగిపోతూ ఉంటుంది.

'6 గంటలు వెలుగుతుంది' అన్న మాటలోనూ మెలిక ఉంది. అదే ప్రమాణం ప్రకారం, మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా సమయాన్ని లెక్కిస్తారు. అంటే చివరి గంటల్లో మీ చేతిలో ఉండేది పదో వంతు వెలుగే కావచ్చు.

కొనేముందు, కొన్నాక చేయాల్సిన పరీక్షలు

గోడ పరీక్ష: గోడ మీద వేసి చూడండి. మధ్యలో గట్టి వెలుగు, చుట్టూ పలచటి వెలుగు రెండూ ఉంటే గట్టు మీద నడవడానికి బాగుంటుంది. జూమ్ లైట్లు ఫోకస్ చేస్తే ఒక చిన్న చతురస్రమే పడుతుంది, కాళ్ల దగ్గర చీకటే.

మిర్చి పరీక్ష: ఎండు మిర్చి మీద గానీ, మీ అరచేతి మీద గానీ వెయ్యండి. ఎరుపు వెలిసిపోయి బూడిద రంగులా కనిపిస్తే ఆ లైటు రంగులు సరిగా చూపించదు. ఎండుటాకుల్లో గోధుమరంగు పామును పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఫోన్ పరీక్ష: ఫోన్ కెమెరాలోంచి చూడండి. నల్లటి గీతలు కదులుతుంటే లైటు వేగంగా ఆరుతూ వెలుగుతోందని అర్థం. ఎక్కువసేపు వాడితే కొందరికి కళ్లు అలసిపోతాయి.

పైకప్పు పరీక్ష: రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆపి, టార్చ్‌ను తెల్లటి పైకప్పు వైపు వెయ్యండి. ఆ తర్వాత దాన్ని ఆపి 9 వాట్ల బల్బు వెయ్యండి. గది బల్బు వెలుగులో సగం కూడా లేకపోతే, డబ్బా మీద ఎన్ని లక్షలున్నా మీ టార్చ్ 500 ల్యూమెన్స్ లోపే.

గడియారం పరీక్ష: ఫుల్ ఛార్జింగ్ పెట్టి, అరగంటకోసారి అదే గదిలో చూడండి. ఎప్పుడు మసకబారిందో ఆ సమయమే మీ అసలు బ్యాకప్.

ఏ పనికి ఏది?

గట్టు మీద నడకకు, మోటారు స్టార్టర్ దగ్గరకు 100-200 ల్యూమెన్స్ చాలు. వెలుగు వెడల్పుగా పడాలి, గంటల తరబడి నిలవాలి. కల్లం కాపలాకు, పందులను దూరం నుంచి గమనించడానికి ఫోకస్ ఉన్నది వేరేగా తీసుకోవడం మంచిది. వానలో వాడేదైతే ఐపీఎక్స్4 చినుకులకు ఆగుతుంది. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా తట్టుకోవాలి.

4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉన్న పాత తరహా ఛార్జింగ్ లైటైతే, సీజన్ అయ్యాక ఖాళీగా మూలన పడెయ్యొద్దు. ఛార్జింగ్ లేకుండా నెలల తరబడి ఉంటే ఆ బ్యాటరీ మళ్లీ లేవదు.

ఛార్జింగ్ దగ్గర జాగ్రత్త!

లిథియం సెల్స్‌ను సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జింగ్ పెట్టకూడదు. రాష్ట్రంలోనే అత్యధిక ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన జిల్లాలోదే. ఎండలో, బండి డిక్కీలో, పత్తి బోరేల పక్కన ఛార్జింగ్ వద్దు. ఉబ్బిన సెల్ వాడొద్దు. నేరుగా ప్లగ్గులో గుచ్చే కొన్ని చౌక లైట్లలో కరెంటు నుంచి సరైన రక్షణ ఉండదు. అవి ప్లగ్గులో ఉండగా తడి చేతులతో ముట్టుకోవడం, ఆన్ చేయడం ప్రమాదం.

సెల్ మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046, 'ఆర్'తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయేమో చూడండి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఎంఆర్‌పీ ఉండాలి. బిల్లు తప్పకుండా అడగండి. మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి ఫీజు కూడా లేదు.

చివరగా ఒక మాట. లైటు ఎంత మంచిదైనా కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర మర్చిపోవద్దు. వెలుగు దూరంగా కాదు, అడుగు పడే చోట రెండు మీటర్ల ముందుకు వెయ్యండి. ఒకవేళ పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నాటు వైద్యం ఏవీ వద్దు. కరిచిన కాలు కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి వెంటనే ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి.