నమూనా ప్యాసింజర్ రైలు సెట్టు

నమూనా ప్యాసింజర్ రైలు సెట్టు అనగా ఒక ఇంజను, కొన్ని ప్రయాణికుల పెట్టెలు, వలయాకారంగా అమర్చుకునే పట్టాలు, వాటికి విద్యుత్తునిచ్చే కంట్రోలరు కలిపి ఒకే అట్టపెట్టెలో అమ్మే సామగ్రి. నిజమైన రైలు కొలతలను ఒక నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి తయారుచేస్తారు కనుక ఇది మామూలు ఆటబొమ్మ రైలుకు భిన్నమైనది. జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో ప్రామాణిక కొలతల పట్టాలతో రైళ్ళను ప్రవేశపెట్టింది. భారతదేశంలో పుణె నగరంలోని జోషీ సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల (1998) ఈ అభిరుచికి పేరుపొందిన కేంద్రం.

స్కేలు, గేజి

తగ్గింపు నిష్పత్తిని స్కేలు అంటారు. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజి అంటారు. కొనేవారు ఎక్కువగా పొరబడేది ఈ రెండింటి విషయంలోనే. ప్రపంచంలో ఎక్కువ ప్రచారంలో ఉన్న హెచ్ఓ స్కేలు 1:87. దాని పట్టాల గేజి 16.5 మి.మీ. దీనిని 87తో గుణిస్తే సుమారు 1435 మి.మీ. వస్తుంది. ఇది ఐరోపా, అమెరికాలలోని స్టాండర్డ్ గేజి. హైదరాబాదు మెట్రో రైలు నడిచేది కూడా దీనిపైనే. భారతీయ రైల్వేల బ్రాడ్ గేజి మాత్రం 1676 మి.మీ. హెచ్ఓలో దానిని ఖచ్చితంగా చూపాలంటే పట్టాల మధ్య 19.3 మి.మీ. ఉండాలి. అటువంటి పట్టాలు సెట్లలో రావు. బ్రిటన్‌లో వాడే ఓఓ స్కేలు (1:76) కూడా అదే 16.5 మి.మీ. పట్టాలపై నడుస్తుంది కనుక అక్కడ తేడా మరింత పెరుగుతుంది.

అందువలన మన రైలు సెట్టు కోరుకునేవారు దేనిని వదులుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. ఇందుకు గుంటూరు - నంద్యాల మార్గం మంచి ఉదాహరణ. దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా నల్లమల అడవిలోకి ప్రవేశించే ఈ మార్గం 19వ శతాబ్దం చివరిలో మీటర్ గేజిగా నిర్మించబడింది. దొనకొండలో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. 1990వ దశకంలో మార్గాన్ని బ్రాడ్ గేజికి మార్చారు. అప్పుడు కొండల్లో దారి మళ్ళించడంతో దొరబావి వద్దనున్న ఎత్తైన పాత వంతెన వాడుక నుండి తొలగిపోయింది. తరువాతి కాలంలో విద్యుదీకరణ కూడా జరిగింది. అంటే ఒకే మార్గానికి రెండు వేర్వేరు నమూనాలు చేయవచ్చు.

నేటి బ్రాడ్ గేజి రైలు కావాలంటే హెచ్ఓ పట్టాలను ఉన్నవి ఉన్నట్టు వాడి, 2.8 మి.మీ. తేడాను అంగీకరించడమే సులువు. పెట్టె పక్క నుండి చూసేవారికి ఆ తేడా దాదాపు తెలియదు. పాత మీటర్ గేజి రైలుకు 16.5 మి.మీ. పట్టాలు పనికిరావు, హెచ్ఓలో 1000 మి.మీ. గేజి 11.5 మి.మీ. అవుతుంది. దీనికి దగ్గరగా 12 మి.మీ. గేజితో హెచ్ఓఎం అనే తరగతి ఉంది. జర్మనీకి చెందిన బెమో సంస్థ స్విట్జర్లాండులోని రేషియన్ రైల్వే నమూనాలను ఈ గేజిలో తయారుచేస్తుంది, ఎందుకంటే ఆ పర్వత రైలుమార్గం కూడా మీటర్ గేజియే. పట్టాలు అక్కడివి తీసుకొని, వైపీ తరగతి ఆవిరి ఇంజనును, పెట్టెలను చేతితో చేసుకోవడం ఓపిక గలవారి పని. మొదటి సెట్టుగా దీనిని ఎంచుకోరాదు.

స్థలం

ఐసీఎఫ్ పెట్టె బఫర్లతో కలిపి సుమారు 22.3 మీటర్లు, హెచ్ఓలో 25.6 సెం.మీ. నాలుగు పెట్టెలు, ఒక డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను కలిస్తే 1.2 మీటర్లు దాటుతుంది. 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్ అయితే 6 మీటర్లకు పైగా కావాలి, ఇంటి హాలు కూడా చాలదు. చిన్న ప్యాసింజర్ రైలును ఎంచుకోవడానికి ఇదే ముఖ్య కారణం. అనేక సెట్లలో వచ్చే వంపు వ్యాసార్ధం 36 నుండి 46 సెం.మీ. వరకు ఉంటుంది. పొడవైన పెట్టెలు ఇరుకు వంపులో లోపలికి వేలాడినట్లు కనిపిస్తాయి, కొన్నిసార్లు పట్టాలు తప్పుతాయి. చోటు మరీ తక్కువైతే 9 మి.మీ. గేజి గల ఎన్ స్కేలు (1:160) మేలు. అందులో అదే పెట్టె సుమారు 14 సెం.మీ. మాత్రమే.

విద్యుత్తు

సాధారణ సెట్లు రెండు పట్టాల ద్వారా 12 వోల్టుల డీసీతో నడుస్తాయి. మెర్క్లిన్ హెచ్ఓ పద్ధతి వేరు. దానిలో పట్టాల నడుమ మూడవ స్పర్శ ఉంటుంది. ఒక పద్ధతికి చెందిన ఇంజను మరొకదానిపై నడవదు. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనుకూ విడి సంఖ్య ఉండి, ఒకే పట్టాలపై రెండు రైళ్ళను వేర్వేరు వేగాలతో నడపవచ్చు. ఒకే రైలు చాలనుకునేవారికి దీని అవసరం లేదు.

అమెరికాలోని బంధువుల ద్వారా తెప్పించుకునేవారు ఒక విషయం తప్పక చూసుకోవాలి. అక్కడి ఇళ్ళలో విద్యుత్తు 120 వోల్టులు, మన దగ్గర 230. అక్కడి కంట్రోలరుపై 120 అని మాత్రమే ఉంటే నేరుగా ప్లగ్గులో పెట్టిన వెంటనే కాలిపోగలదు, అగ్నిప్రమాదమూ జరగవచ్చు. ఐరోపా, బ్రిటన్ సెట్లకు ఈ ఇబ్బంది లేదు, ప్లగ్గు ఆకారమే మారుతుంది.

ఇతర అంశాలు

ఉక్కు పట్టాలు చౌక, కానీ తుప్పు పడతాయి. నికెల్ సిల్వర్ అనే మిశ్రమ లోహపు పట్టాలు ఎక్కువకాలం విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తాయి. దుమ్ము ఎక్కువగా ఉండే ప్రాంతాలలో పట్టాలను, చక్రాలను తరచు తుడవక తప్పదు. వేర్వేరు సంస్థల పెట్టెల కొక్కేలు కలవకపోవచ్చు. ఎన్ఈఎం ప్రమాణపు కొక్కెపు గూడు ఉన్న పెట్టెలకు వాటిని మార్చుకోవచ్చు. సెంటీ టాయ్స్ వంటి దేశీయ సంస్థలు భారతీయ రైళ్ళ రూపంలో తక్కువ ధరకు ప్లాస్టిక్ నమూనాలను తయారుచేస్తాయి. వీటిని విదేశీ ఇంజను వెనుక తగిలించాలంటే చక్రాలు, కొక్కేలు మార్చవలసి రావచ్చు.

పరిసరాలను సెట్టుతో పాటు కొననవసరం లేదు. మార్కాపురం పలకల పరిశ్రమకు ప్రసిద్ధి. అక్కడి పలకరాతి ముక్కలు పొరలు పొరలుగా విడిపోతాయి కనుక నల్లమల కొండ కోతలను చూపడానికి బాగా సరిపోతాయి.