అడవికి నిప్పు మంచిదా? ఒక విద్యార్థి ప్రశ్న



8వ తరగతిలో దహనం పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి అడిగాడు: "మేడమ్, ఆస్ట్రేలియాలో అడవిని వాళ్లే తగలబెడతారట, అది అడవికి మంచిదట. మరి మారేడుమిల్లి కొండల మీద మంటలు ఆర్పడం ఎందుకు?" వాడు యూట్యూబ్‌లో చూసింది నిజమే. కానీ ఆ నిజాన్ని తెచ్చి మన కొండలకు అలాగే అతికిస్తే తప్పవుతుంది. వేసవి సెలవుల్లో మీలో చాలామంది మారేడుమిల్లి, పాపికొండల వైపు వెళ్తుంటారు. అందుకే ఆ రోజు క్లాసులో మాట్లాడుకున్న విషయాలు మీతోనూ పంచుకుంటున్నాను.

మనకు తెలిసిన చెట్టుతో మొదలుపెడదాం

రాజమండ్రి చుట్టుపక్కల మెట్ట భూముల్లో జామాయిల్ తోటలు మీరు చూసే ఉంటారు. పుస్తకాల్లో ఆ చెట్టు పేరు యూకలిప్టస్. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. తోట నరికాక మోడు నుంచి మళ్లీ పిలకలు లేచి, చెరకు కార్శిలాగా ఇంకో కోత ఇస్తుందని రైతులకు తెలుసు. ఈ గుణం అక్కడి మంటల మధ్య తరతరాలుగా బతకడానికి పనికొచ్చింది. దాని బెరడు కింద మొగ్గలు నిద్రపోతూ ఉంటాయి. చాలా రకాల్లో నేలలోని దుంపలాంటి మొదట్లో కూడా ఉంటాయి. పైనంతా కాలిపోయినా అవి చిగురిస్తాయి.

అక్కడి పొడి నేలల్లో ఈ చెట్ల కింద స్పినిఫెక్స్ అనే ముళ్లగడ్డి గుబుర్లుగా పెరుగుతుంది. ఆకుల్లో జిగురు ఉండడం వల్ల పచ్చిగా ఉన్నా భగ్గున అంటుకుంటుంది. ఒకసారి కాలిన చోట కొన్నేళ్ల పాటు గుబుర్ల మధ్య ఖాళీ నేల ఉంటుంది కాబట్టి మంట సులువుగా దాటలేదు. గుబుర్లు పెరిగి దగ్గరైతే, గాలి తోడైనప్పుడు ఆగదు.

పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలోని మార్తు ఆదివాసులు ఉడుముల వేట కోసం ఈ గడ్డిని చిన్న చిన్న ముక్కలుగా కాలుస్తారు. దానివల్ల కొత్తగా కాలిన నేల, సగం పెరిగిన గడ్డి, ముదిరిన గడ్డి పక్కపక్కనే ఉండి పెద్ద మంటకు అడ్డుకట్ట అవుతాయి. 1960లలో వాళ్లు ఆ ఎడారిని విడిచి వెళ్లాక అక్కడ మంటలు చాలా పెద్దవయ్యాయి. మా విద్యార్థి విన్న "మంచి మంట" ఇలాంటిదే. అది చిన్నది, ఆ నేల తెలిసినవాళ్లు పెట్టింది.

మన కొండల సంగతి వేరు

పాపికొండలు 2008లో నేషనల్ పార్క్ అయింది. విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. ఇక్కడి చెట్లు చాలావరకు వేసవికి ముందే ఆకు రాలుస్తాయి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా నేలంతా ఎండుటాకు, ఎండుగడ్డి. నిప్పు ఎక్కువగా మనుషుల వల్లే పుడుతుంది. రాలిన ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాల్చడం ఒక కారణం. ఆర్పని బీడీ ముక్క, పిక్నిక్ పొయ్యి మరికొన్ని కారణాలు.

టేకు, మద్ది లాంటి పెద్ద చెట్లు మందమైన బెరడు వల్ల తట్టుకుంటాయి. అందుకే మంట వెళ్లిపోయాక చూస్తే "అడవికేం కాలేదు" అనిపిస్తుంది. నష్టమంతా మన మోకాలి ఎత్తులో ఉంటుంది. విత్తనాలు, ఏడాది రెండేళ్ల మొలకలు, నేల మీద గుడ్లు పెట్టే పక్షుల గూళ్లు పోతాయి. ఏటా అదే చోట కాలితే, తాతలుండి మనవలు లేని ఇల్లులా తయారవుతుంది అడవి. ఆకు కప్పు పోయిన వాలు మీది మట్టి తొలకరికి కొట్టుకుపోయి వాగుల్లో కలుస్తుంది.

అలాగని మన అడవుల్లో నిప్పును అసలు వాడరని కాదు. ఎండలు ముదరకముందే అటవీశాఖ వారు దారుల వెంట పట్టీలుగా గడ్డి, ఆకు కోసి, పక్కన మనుషులను కాపలా పెట్టి కాలుస్తారు. వీటినే ఫైర్ లైన్లు అంటారు. మంట ఇక్కడిదాకా వస్తే, తినడానికి ఏమీ లేక ఆగుతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటలను గుర్తించి రాష్ట్రాలకు సమాచారం ఇస్తోంది.

కాబట్టి "నిప్పు మంచిదా, చెడ్డదా" అని అడిగితే జవాబు దొరకదు. ఏ అడవిలో, ఏ నెలలో, ఎన్నేళ్లకోసారి, ఎవరి అదుపులో అని అడగాలి. క్లాసులో ఆ నాలుగు ప్రశ్నలూ బోర్డు మీద రాసింది ఆ అబ్బాయే.

ఈ సెలవుల్లో పిల్లలతో

• మారేడుమిల్లి వెళ్తే బొంగు చికెన్ అక్కడి దుకాణాల్లోనే తినండి. అడవిలో పొయ్యి పెట్టకండి. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం కూడా.
• కొండ మీద పొగ కనిపిస్తే దగ్గరలోని ఫారెస్ట్ చెక్‌పోస్టులో చెప్పండి.
• దారి పక్కన కాలిన చోటు, కాలని చోటు చూపించి, రెండు చోట్లా మోకాలి ఎత్తు మొలకలు ఎన్ని ఉన్నాయో పిల్లలను లెక్కపెట్టమనండి.
• ఊళ్లో నరికిన జామాయిల్ మోడు ఉంటే పిలకలు లెక్కపెట్టించండి. స్కూలు తెరిచాక ఆ రెండు లెక్కలూ క్లాసుకు తెస్తే, పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాం.