కొండయాత్రకు చవక బూట్లు: కొనేముందు చూడవలసినవి

మా గురువుగారు రోగి నాడి పట్టుకోవడానికి ముందే, అతడు గడప బయట విడిచి వచ్చిన చెప్పుల వంక ఒకసారి చూసేవారు. మడమ దగ్గర ఏ అంచు అరిగింది, రెండింటిలో ఏది ఎక్కువ అరిగింది అన్నది గమనించి, మోకాలినొప్పి ఏ వైపునో రోగి చెప్పకముందే అడిగేవారు. శిష్యులమైన మాకు అప్పట్లో అది వింతగా తోచేది. ముప్పై ఏళ్లకు పైగా వైద్యం చేసిన తరువాత కూడా ఆ పాఠం నాకు పూర్తిగా వంటబట్టలేదని ఒక సంఘటన వల్ల తెలిసింది.

పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు మధుమేహానికి నా వద్ద చికిత్స పొందుతూ ఉండేవారు. ఆ దంపతులు కేదారనాథ యాత్రకు బయలుదేరుతూ సలహా కోసం వచ్చారు. గౌరీకుండం నుండి ఆలయం దాకా కాలిబాట సుమారు 16 కిలోమీటర్లు. ఆలయం ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. ఆహారం, ఔషధాలు, చలి, ఆయాసం అన్నింటిని గురించీ వివరంగా చెప్పాను. కాళ్లకు ఏమి తొడుక్కుంటారని మాత్రం అడగలేదు. ఆయన ప్రయాణానికి రెండు రోజుల ముందు ఒక దుకాణంలో సగం ధరకు వచ్చిన బూట్ల జత కొన్నారు. కుడి బూటు లోపలి అట్ట చిటికెన వేలి దగ్గర మడతపడి ఉన్నది. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శజ్ఞానం తగ్గి ఉండుటచేత, ఆ మడత రోజంతా ఒరుసుకున్నా ఆయనకు తెలియలేదు. కొండ దిగి వచ్చాక మేజోడు తడిగా ఉంటే వాననీరు అనుకున్నారు. అది నెత్తురు. పుండు లోతుకు పాకి, చివరకు శస్త్రవైద్యుల చేత ఆ వేలు తీయించవలసి వచ్చింది.

చవక బూట్లు కొన్నందుకే ఇంత జరిగిందని ఆయన భార్య ఇప్పటికీ బాధపడుతూ ఉంటారు. నేను ఆమెతో ఏకీభవించను. మడతపడిన అట్ట ఖరీదైన బూటులోనూ ఉండవచ్చు. జీవితంలో ఒకసారి చేసే యాత్ర కోసం పది వేలు బూట్లకు పోయడం మధ్యతరగతి గృహస్థునికి సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. రెండు వేల రూపాయల లోపు దొరికే జతలలోనే పనికివచ్చేవి ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. వాటిని వేరుచేయడానికి పదిహేను నిమిషాల ఓపిక కావాలి.

పాదరక్షణను మన శాస్త్రం చిన్నవిషయంగా చూడలేదు. చరకాచార్యులు పాదత్రాణ ధారణాన్ని దినచర్యలో చేర్చి, అది కంటికీ బలానికీ మేలు చేస్తుందన్నారు. రాళ్లూ ముళ్లూ ఒత్తుకొని ఏర్పడే ఆనెకాయను సుశ్రుతుడు ‘కదరం’ అన్నాడు; అడుగు వంకరగా పడినందువల్ల పుట్టే నొప్పిని ‘వాతకంటకం’ అన్నాడు. ఆ సుశ్రుతుడే, ధనహీనుడైన ప్రమేహరోగి గొడుగూ పాదరక్షలూ లేకుండా నూరు యోజనాలు నడవాలని కూడా విధించాడు. ఈ మాట పట్టుకొని కొందరు మధుమేహులు నేటికీ చెప్పులు లేకుండా నడుస్తున్నారు. శాస్త్రం మీద గౌరవంతోనే చెబుతున్నాను: స్పర్శ తగ్గిన పాదానికి ఆ విధిని వర్తింపజేయరాదు. నడక ఔషధమే, వట్టికాళ్ల నడక వారికి ప్రమాదం.

ఇక దుకాణంలో చేయవలసిన పరీక్ష. ముందురోజు ఇంటిలో ఒక కాగితం మీద పూర్తి బరువు మోపి నిలబడి, రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకొని, ఆ ఆకారాలను కత్తిరించి వెంట తీసుకుపోండి. సాయంకాలం వెళ్లండి, పగలంతా తిరిగిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది, కొండ మీద కూడా అలాగే ఉబ్బుతుంది. బూటు లోపలి అట్టను బయటికి తీసి, దానిపై మీ కాగితాన్ని పరచండి. వేళ్ల దగ్గర కాగితం అట్ట అంచులు దాటి వస్తే, ఆ బూటు ఎంత అందమైనదైనా పక్కన పెట్టండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ మిగలాలి. దిగుడులో పాదం ముందుకు జారి గోళ్లు బూటు ముక్కుకు తగలడం వల్లనే అవి నల్లబడతాయి. మన దుకాణాలలో సాధారణంగా వాడే బ్రిటిష్ కొలతలో ఒక నంబరుకూ తరువాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడోవంతు మాత్రమే. కాబట్టి ఒక నంబరు పెద్దది అడగడానికి సంకోచించకండి. రెండు పాదాలూ సమానంగా ఉండవు, పెద్దదానికే కొనాలి. “వేసుకుంటూ ఉంటే వదులవుతుంది” అని అమ్మేవాడు చెప్పే మాట వెడల్పు విషయంలో కొంత నిజం కావచ్చు గాని, పొడవు విషయంలో ఎన్నటికీ కాదు.

అట్ట చేతిలో ఉండగానే బూటు లోపలికి చేయి పోనిచ్చి మూలమూలలా తడమండి. కుట్లు, జిగురు ముద్దలు, మడతలు వేళ్లకు తెలుస్తాయి. స్పర్శ తగ్గినవారు ఈ పనిని ఇంటిలో మరొకరి చేత చేయించుకోవాలి. “నొప్పిగా లేదు” అన్న వారి మాట ఇక్కడ సాక్ష్యానికి నిలవదు. తరువాత బూటును రెండు చేతులతో వంచండి. వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నడుమ భాగంలో విరిగినట్లు వంగితే అది అరికాలిని మోయలేదు. తడిగుడ్డను పిండినట్లు మెలిపెడితే మెలికపడిపోయే బూటు రాళ్లదారికి పనికిరాదు. మడమ వెనుక భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి, లొట్టపోకూడదు. చీలమండను కప్పే ఎత్తు ఉన్నంత మాత్రాన కాలు మడతపడకుండా ఉంటుందని నమ్మవద్దు. మడమ పట్టు లేనిదే ఆ ఎత్తు అలంకారమే. బరువు కూడా చూసుకోండి. వీపున మోసే బరువు కంటే పాదాన మోసే బరువు ఎక్కువగా అలసట తెస్తుంది.

సోలును గోటితో నొక్కినప్పుడు కొంచెం లొంగి తిరిగి లేవడం మంచి రబ్బరు లక్షణం. ప్లాస్టిక్ వలె గట్టిగా మెరిసే సోలు చలిలో మరింత బిగుసుకొని తడిరాతి మీద జారుతుంది. అంచున కనిపించే కుట్టు నిజమైన దారమా, అచ్చులో పోసిన బొమ్మ కుట్టా అన్నది దగ్గరగా చూడండి. జిగురుతో అంటించినది కూడా మన్నవచ్చును; వంచినప్పుడు సందు కనిపించకపోతే చాలు.

సగం ధర జతల విషయంలో ఒక రహస్యం ఉన్నది. పాలీయురేథేన్ అనే నురుగు పదార్థంతో చేసిన సోళ్లు, ఎవరూ తొడగకుండా పెట్టెలోనే ఉన్నా, గాలిలోని తేమకు కొన్నేళ్లలో చివికి పొడిపొడిగా రాలుతాయి. బయటికి కొత్తగానే కనిపిస్తాయి. దారి మధ్యలో అడుగు ఊడుతుంది. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నాలుగేళ్ల నాటిదైతే ఎంత తగ్గించినా వద్దనండి. నీరు చొరదన్న హామీకి ఈ ధరలో నేను విలువ ఇవ్వను. తడిసినప్పుడు లోపల పాత వార్తాపత్రికలు కుక్కి నీడన ఆరబెట్టుకోండి. పొయ్యి దగ్గర పెడితే జిగురు వదులుతుంది.

యాత్రకు కనీసం మూడు వారాల ముందు కొనండి. మొదటి రెండు మూడు రోజులు ఇంటిలోనే గంటసేపు తొడుక్కొని తిరగండి. బయటి మట్టి అంటకపోతే దుకాణదారు మార్చి ఇవ్వడానికి అభ్యంతరం చెప్పడు. నూలు మేజోళ్లు చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెస్తాయి, నడకకు ఉన్నివి మేలు. రాత్రి పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, అరికాళ్లకు నువ్వుల నూనె మర్దించడం పాదాభ్యంగం. మధుమేహులు నీటి వేడిని మోచేతితో చూసుకోవాలి, వేళ్ల సందులలో నూనె పూయరాదు. ప్రతి రాత్రీ అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాలి. ఎర్రదనం గాని, బొబ్బ గాని కనిపిస్తే ఆకుపసరులూ లేపనాలూ ప్రయోగించక, మరునాడే వైద్యునికి చూపించండి. వెళ్లేటప్పుడు ఆ బూట్లు కూడా చేత పట్టుకొని వెళ్లండి.